తొమ్మిదో నిబంధన

చిక్కడపల్లి, హైదరాబాద్
2025 మే 5

అంబిక గారికి,

ఫిబ్రవరి 18, మంగళవారం. మా ఆవిడ ప్రభావతి ఐదు నలభైకి లేచింది. కాఫీ పెట్టింది. నా కుడి కంట్లో చుక్కల మందు వేసింది. ఆరింటికి అశోక్‌నగర్‌లో తన స్టడీ హాల్ తెరవడానికి బయలుదేరింది. "పప్పు కుక్కర్ల ఉంది, మూడు కూతలకు దించుర్రి" అని గుమ్మంలోంచి చెప్పింది. ఒంటిగంటకు ఫోన్ చేసింది. తిన్నారా అని అడిగింది. తిన్నానన్నాను.

నాలుగు ఇరవైకి ఆమె నంబర్ నుంచి మీరు ఫోన్ చేశారు. "సార్, మేడం లేస్తలేదు" అన్నారు. నేను ఆటోలో వచ్చేసరికి మీరూ ఇద్దరు విద్యార్థులూ ఆమెను కుర్చీతో సహా రెండో అంతస్తు నుంచి దించి మెట్ల దగ్గర ఉంచారు. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడింది. అక్కడ ఒకసారి కళ్లు తెరిచింది. సిగ్నల్ దాటాక పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ నన్ను ఒకటే అడిగాడు. "ఇంతకుముందు నొప్పి అన్నారా? ఎన్ని రోజులుగా?" లేదు, ఏమీ లేదు అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. అప్పటికి టైము నాలుగు యాభై ఐదు.

నాకు తెలిసింది ఇంతే.

మీ రిజిస్టర్డ్ ఉత్తరం అందింది. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీలో మీకు ఉద్యోగం వచ్చే అవకాశం ఉందనీ, స్టడీ హాల్ నుంచి రిలీవింగ్ లెటర్ కావాలన్నారనీ రాశారు. ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఖాళీలున్న కాగితాన్ని ఎప్పుడూ ముందుకు పంపలేదు. ఈ కాగితంలో ఒక ఖాళీ ఉంది. ఒంటిగంట నుంచి నాలుగు ఇరవై దాకా. ఆ సమయమంతా ఆమెతో ఉన్నది మీరు. అందులో ఏం జరిగిందో రాసి పంపండి. తర్వాత మీ లెటర్ పంపుతాను.

ఫోన్ చేయవద్దు. నేను ఎత్తడం లేదు.

కిషన్ రావు


మక్తల్
2025 మే 14

గౌరవనీయులైన కిషన్ రావు సార్‌కి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మా నాన్న పీరయ్య మీకు గుర్తుండే ఉంటారు, హాల్‌కు రంగు వేసింది ఆయనే. చదివి వినిపిస్తే ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. అమ్మ ఇంకా మేడం ఇచ్చిన శాలువా మడత పెట్టి దాచుకుంది.

చెప్పగలిగినంత రాస్తాను. ఆ రోజు మేడం ఒకటిన్నరకు టిఫిన్ డబ్బా తెరిచారు. సగం తిన్నారు. రెండింటికి కొత్తగా చేరిన ఒకమ్మాయికి సీటు చూపించారు. తర్వాత బోర్డు మీద తేదీ దిద్దారు. నాలుగింటికి కిటికీ పక్కన 31వ నంబర్ సీటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చున్నారు. నాలుగు ఇరవైకి నేను మీకు ఫోన్ చేశాను.

మిగతాది రాయలేను సార్. మొండితనం అనుకోవద్దు. నేను పనిలో చేరినప్పుడు సంతకం పెట్టిన ఒప్పందంలో తొమ్మిదో నిబంధన ఉంది. యజమానికి సంబంధించిన ఏ సంగతీ మూడో వ్యక్తికి చెప్పకూడదు, పని మానేశాక కూడా చెప్పకూడదు అని. పదిహేడో నిబంధన ప్రకారమే మీకు ఫోన్ చేయకుండా రిజిస్టర్డ్ పోస్టులో రాస్తున్నాను. ఏ విషయమైనా అలాగే తెలపాలని ఉంది.

మీరు నవ్వుతారేమో. కానీ ఆ ఒప్పందాన్ని మేమిద్దరం ఊరికే సంతకం పెట్టి పక్కన పడేయలేదు. అది ఇంగ్లిషులో ఉంది. "అర్థం కాకుండా సంతకం పెట్టను మేడం" అన్నాను. మేడం కోపం చేసుకోలేదు. "మంచి మాటన్నవ్. నడు, సెంట్రల్ లైబ్రరీకి పోదాం, ఆడ పెద్ద డిక్షనరీ ఉన్నది" అన్నారు. రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాం. ఒక్కో లైనుకు మేడం పెన్సిల్‌తో తెలుగు రాశారు. పద్నాలుగో నిబంధనలో, కంపెనీ కారును సొంత పనులకు వాడరాదని ఉంది. "కారు సంగతి తర్వాత జూద్దాం గని, ముందు నా స్కూటీ మీద ఎక్కుడు నేర్చుకో. ఎన్కాల కూసుంటే గజగజ వణుకుతవ్" అన్నారు. పదకొండులో, ఉద్యోగి కనిపెట్టినవన్నీ యజమానికే చెందుతాయని ఉంది. కూలర్‌కు తడి గోనెసంచి కట్టాలన్న ఆలోచన నాది. "ఇగ అది నాది, పేటెంట్ నా పేరు మీద" అని నవ్వారు. పక్కన పేపర్ చదువుకుంటున్న పెద్దాయన, "అమ్మా, ఇది లైబ్రరీ. జర మెల్లగ" అన్నాడు.

తొమ్మిది దగ్గర నేనే అడిగాను. మూడో వ్యక్తి అంటే ఎవరు మేడం అని. "నువ్వూ నేనూ కాకుంట అందరు" అన్నారు.

ఆ అందరిలో మీరూ వస్తారు సార్. క్షమించండి.

కాలేజీవాళ్లు జూన్ 16 దాకా గడువిచ్చారు. దయచేసి లెటర్ పంపగలరు.

మీ
అంబిక


చిక్కడపల్లి
2025 మే 21

అంబిక గారికి,

నిన్న హాల్ తాళం తీశాను. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి. బోర్డు మీద 18 అనే ఉంది. ఆమె రాసిన "నిశ్శబ్దం పాటించండి" గోడ మీద ఉంది. ఆ పక్కనే "ఎవరైనా తల వాల్చి పడుకుంటే ఇరవై నిమిషాలు లేపవద్దు" అన్నది కూడా ఉంది. నలభై ఖాళీ కుర్చీల మధ్య ఆ మాటలు ఎవరికో తెలియదు. నేను మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను.

ఆమె బల్ల సొరుగులో గ్యాస్ మాత్రల అట్టలు తొమ్మిది దొరికాయి. ఎనిమిది పూర్తిగా ఖాళీ. తొమ్మిదో అట్టలో రెండు మాత్రలు మిగిలాయి. ఇంట్లో ఆమె ఒక్క మాత్ర కూడా వేసుకోవడం నేను చూడలేదు. కింద మందుల షాపు ఉప్పలయ్యను అడిగాను. "మేడం ఎప్పుడు రాలే సార్. ఆ అంబికమ్మనే కొంచవోయేది" అన్నాడు.

కాబట్టి మీకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు.

ఆ ఒప్పందంలో యజమాని ప్రభావతి. ఆమె లేదు. ఆమెతోపాటు ఒప్పందమూ పోయింది. తొమ్మిదో నిబంధన ఇప్పుడు లేదు. ఉన్నా, నేను మూడో వ్యక్తిని కాను. ఇరవై తొమ్మిదేళ్లు ఆమె భర్తను.

ఆ రోజు డాక్టర్‌కు నేను చెప్పిన జవాబు తప్పా, ఒప్పా? ఇది తెలిసేదాకా లెటర్ రాయలేను.

కిషన్ రావు


మక్తల్
2025 మే 30

కిషన్ రావు సార్‌కి,

నమస్కారం.

సంతకం పెట్టినామె లేరు కాబట్టి ఒప్పందం లేదని రాశారు. అదే ఒప్పందం నుంచి నన్ను విడుదల చేస్తూ లెటర్ మీరెలా ఇస్తారు సార్? లేని దాని నుంచి విడుదల ఎందుకు? ఇస్తారా ఇవ్వరా అన్నదానికైతే ఒప్పందం ఉంది. నేను నోరు విప్పాలన్నదానికి మాత్రం లేదు. ఇది మీకు న్యాయంగా ఉందేమో. నేను డిగ్రీ దాకానే చదివాను.

కోపంలో రాశాను. కొట్టేయడం లేదు. ఇది పెన్నుతో రాసింది.

మా ఇంట్లో కాగితం అంటే ఏమిటో మీకు తెలియదు. నాకు ఏడేళ్లప్పుడు నాన్న, కూలీలను దూరం పనులకు తీసుకెళ్లే ఒక మేస్త్రీ తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేశారు. ఆరు నెలల పని అని చెప్పాడు. వెళ్లాక తెలిసింది, రెండేళ్లని రాసి ఉందని. తాతయ్య పోయినప్పుడు కూడా రానివ్వలేదు. "కాయితం మీద ఏలువెట్టినవ్ పీరయ్యా" అన్నారట. నాన్న పారిపోలేదు. రెండేళ్లూ చేసి వచ్చారు. ఇప్పటికీ ఆధార్ జిరాక్స్ ఇవ్వమన్నా చేతులు వెనక్కి పెట్టుకుంటారు. అందుకే నా ఒప్పందం సంగతి విని ఒద్దే ఒద్దన్నారు. మేడం ఇంటికి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని చెప్పారు.

"పీరన్నా, గిది గా మేస్త్రీ కాయితం గాదు. ఆడిపిల్లకు చేసిన పనికి కాయితం ఉండాలె. రేపు ఏడికి పోయినా చూపెట్టుకుంటది. మా ఆయన రాసిండు. ఇన్సూరెన్స్‌ల ఉన్నడు, ఒక్క ముక్క ఊకె రాయడు. అన్ని ఆలోచించి రాసిండు."

ఆ మాట మీదే నాన్న ఒప్పుకున్నారు. ఆ మాట మీదే నేను సంతకం పెట్టాను. ఇరవై ఒక్క నిబంధనలూ మీరు ఆలోచించి రాసినవే కదా సార్. తొమ్మిదో దాన్ని ఎందుకు రాశారో మీకు తెలిసి ఉండాలి. ఇప్పుడు అది లేదంటున్నారు.

ఇక్కడ మేస్త్రీ మళ్లీ తిరుగుతున్నాడు. పుణెలో పెద్ద బిల్డింగులట. పేర్లు రాసుకుంటున్నాడు. అమ్మానాన్నల పేర్లు రాశాడు. జూన్ 16 దాటితే మూడో పేరు నాదే. బెదిరింపు కోసం రాయడం లేదు. మీకు తెలియాలని రాస్తున్నాను.

ఒప్పందం రెండు కాపీలు. ఒకటి నా దగ్గర ఉంది. మేడం పెన్సిల్‌తో రాసిన కాపీ ఆమె బల్ల కింది అరలో, నీలం ఫైల్లో ఉంటుంది. చదవండి సార్. తొమ్మిదో దగ్గర జాగ్రత్తగా చూడండి.

అంబిక


చిక్కడపల్లి
2025 జూన్ 8, ఆదివారం

అంబికకు,

నీలం ఫైల్ దొరికింది. భూతద్దం పెట్టి చదివాను. ఫిబ్రవరిలో జరగాల్సిన కంటి ఆపరేషన్ నేను మానుకున్నాను. కుడి కన్నుతో ఇప్పుడు వెలుగూ నీడా తప్ప కనిపించవు. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆ ఒప్పందం తయారైన రోజు నా కళ్లు రెండూ బాగానే ఉన్నాయి.

ఆ రోజూ ఆదివారమే. 2023 మే నెల. "ఆ పిల్లకు నాలుగు ముక్కలు రాసియ్యరాదుర్రి. మంచిగ, మీ ఆఫీసు లెక్క" అంది. నేను టీవీ చూస్తున్నాను. సరేనన్నాను. ఆమె కూరగాయలకు వెళ్లింది. కంప్యూటర్ ముందు కూర్చుని "ఉద్యోగ ఒప్పందం ఉచిత నమూనా" అని వెతికాను. మొదట వచ్చినదాన్ని దించుకున్నాను. ఏ దేశంలో ఎవరు ఎవరికోసం రాశారో తెలియదు. కంపెనీ పేరున్న చోటల్లా ఆమె పేరు, ఉద్యోగి పేరున్న చోటల్లా నీ పేరు ఒక్క మీటతో మార్చాను. పదిహేను నిమిషాలు. ప్రింటు తీశాను. చదవలేదు.

ఆమె కూరగాయల సంచీతో వచ్చింది. ఎనిమిది పేజీలు చూసి, "గింత రాసిండ్రా!" అంది. నేను అవునన్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు పక్కవాళ్ల కాగితాల్లో చిన్న అక్షరాలు వెతికాను. ఆ అక్షరాల పేరు చెప్పి ఎందరినో వెనక్కి పంపాను. "సంతకం పెట్టేముందు చదవాల్సింది కదండీ" అనేవాణ్ని. నా ఇంటి కాగితం చదవలేదు. మీరిద్దరూ నాకు బదులు చదివారు. అందులో లేని అర్థాలు కూడా వెతుక్కుని పాటించారు. మన ముగ్గురికీ సంబంధం లేని ఏదో కంపెనీ రహస్యాల కోసం రాసిన వాక్యం అది. దానికీ గ్యాస్ మాత్రలకూ సంబంధం లేదు. నేను ఒక్కసారి చదివి ఉంటే కొట్టేసేవాణ్ని.

తొమ్మిదో నిబంధన పక్కన పెన్సిల్‌తో ఆమె అక్షరాలు ఇలా ఉన్నాయి: "మూడో వ్యక్తి, అంటే మేమిద్దరం తప్ప అందరూ." దాని కింద నీలం పెన్నుతో ఇంకో లైను ఉంది. అదీ ఆమెదే. కానీ వంకర్లు పోయింది. "ఆయన కూడా. 20 దాకా."

ఫిబ్రవరి 20న నా ఆపరేషన్. దానికీ దీనికీ ఏమిటో నాకు తెలియదు. అడిగే హక్కు పోగొట్టుకున్నాను కాబట్టి అడగడం లేదు.

ఇరవై ఒకటో నిబంధన చూశావా? యజమాని హక్కులు వారసులకు చెందుతాయని ఉంది. నువ్వు చెప్పిందే సరి. ఒప్పందం ఉంది. ఆమె వారసుణ్ని నేను. ఆ హోదాలో రెండు కాగితాలు జతచేస్తున్నాను.

మొదటిది నీ లెటర్. నమూనాల కోసం అలవాటుగా కంప్యూటర్ తెరిచాను. రిలీవింగ్ లెటర్లు వందలు వచ్చాయి, అన్నీ ఉచితమే. మూసేసి చేత్తో రాశాను. "అంబిక, తండ్రి పీరయ్య, 2023 జూన్ 1 నుంచి 2025 ఫిబ్రవరి 18 దాకా అశోక్‌నగర్‌లోని మా స్టడీ హాల్‌లో పనిచేసింది. తాళాలు ఆమె దగ్గరే ఉండేవి. ఇచ్చిన మాట తప్పలేదు. ఇకపై మాకు ఆమె మీద ఏ హక్కూ లేదు." కాలేజీవాళ్లకు చేతిరాత చాలకపోతే నాకు కబురు చెయ్యమను. స్వయంగా వచ్చి చెప్తాను.

రెండోది రెండే లైన్లు. తొమ్మిదో నిబంధన నుంచి నిన్ను విడుదల చేస్తున్నాను. చెప్పినా, చెప్పకపోయినా నీ ఇష్టం.

మొదటి కాగితానికి రెండోదానితో లంకె లేదు. మే నెలలో నేను పెట్టిన లంకె తప్పు. పీరయ్యతో చెప్పు. ఆయన ఎదుట ప్రభావతి నా గురించి చెప్పిన మాట నిజం కాదని చెప్పు.

ఆమె ఫోన్‌కు రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. ఐదు నలభైకి అలారం మోగుతుంది. ఆపను. దానంతట అది ఆగేదాకా వింటాను.

కిషన్ రావు


నారాయణగూడ, హైదరాబాద్
2025 జూన్ 22

సార్‌కి,

నమస్కారం. ఉద్యోగంలో చేరాను. మీ చేతిరాత లెటర్ చూసి ప్రిన్సిపల్ గారు, "ఇసొంటి కాయితం చూసి చాన ఏండ్లయ్యింది" అని ఫైల్లో పెట్టుకునే ముందు ఇంకొకసారి చదివారు. నాన్నకు మీ మాటలు చెప్పాను. "తప్పు ఒప్పుకున్నోడు మేస్త్రీ గాడు" అన్నారు. అమ్మ, నాన్న పుణె వెళ్లారు. మూడో పేరు కొట్టేశారు.

నా హాస్టల్ నుంచి చిక్కడపల్లికి పావుగంట నడక. అయినా రిజిస్టర్డ్ పోస్టులోనే పంపుతున్నాను. ఎదురుగా నిలబడి చెప్పలేను.

జనవరి ఆఖరున మొదలైంది సార్. సంక్రాంతికి ఇళ్లకు వెళ్లిన పిల్లలంతా తిరిగొచ్చిన వారం. మేడం మెట్లు ఎక్కుతూ మొదటి మలుపు దగ్గర ఆగేవారు. ఎడమ భుజం పట్టుకునేవారు. నేను చూస్తే, "ఏం జూస్తున్నవ్, ముసల్దాన్నైన గదా" అనేవారు. తర్వాత ప్రతి మలుపు దగ్గరా ఆగడం మొదలైంది. గ్యాస్ అన్నారు. మాత్రలు తెమ్మన్నారు. తెచ్చాను. అట్ట అయిపోయేది. మళ్లీ తెచ్చాను.

ఆసుపత్రికి పోదాం మేడం అన్నాను. మీకు చెప్తానన్నాను. అప్పుడు చెప్పారు. మీ ఆపరేషన్ బీపీ ఎక్కువై రెండుసార్లు ఆగిపోయిందట కదా. "ఈ ముచ్చట తెల్సిందంటే మూడోసారి గూడ ఆగుతది. ఆయన బుగులు నాకెరుకనే. ఆ కన్ను అట్లనే పోతది. ఇర్వై తారీకు కానియ్, ఇర్వై ఒకటికి నేనే పోయి చూపెట్టుకుంట" అన్నారు. నేను వినలేదు. "తొమ్మిదో నంబర్ యాదికుందా? సంతకం పెట్టినవ్ గదా" అని నవ్వారు. నవ్వుతూనే అన్నారు సార్. నేను మాత్రం నవ్వలేదు.

17న సాయంత్రం మెట్ల మీద కూర్చుండిపోయారు. ఇవాళ సార్‌కి ఫోన్ చేస్తానని గట్టిగా అన్నాను. ఆమె లేచి, నీలం ఫైల్ తీసి, నా పెన్ను అడిగి ఆ లైను రాశారు. "నీకు రాతల ఉంటేనే నమ్మకం. ఇగో, రాసిన. ఇర్వై దాకా. ఆ తర్వాత నువ్వే చెప్పు, నేను పక్కన కూసుంట. తిట్టేది ఇద్దర్ని తిడ్తడు." మూడు రోజులే కదా అనుకున్నాను.

18న ఒంటిగంటకు మీకు ఫోన్ చేసి పెట్టేశాక, "తిన్నడంట. తినలే. అబద్ధం జెప్తే ఆయన గొంతు సన్నగైతది" అన్నారు. నాలుగున్నరకు ఇంటికి వెళ్లి అన్నం పెట్టి వస్తానన్నారు. నాలుగింటికి 31లో కూర్చున్నారు. "జర సేపు" అని తల చేతుల మీద వాల్చారు.

ఇక్కడిదాకా చెప్పడానికి తొమ్మిదో నిబంధన అడ్డం. ఇక్కడి నుంచి అడ్డం అది కాదు సార్. నేనే దాని వెనక దాక్కున్నాను.

గోడ మీద నియమం మీరు చూశారు. చదివి చదివి తల వాల్చిన పిల్లల్ని ఇరవై నిమిషాలు లేపకూడదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు ఉండి, నిద్ర లేక ఉంటారని మేడం పెట్టిన నియమం. ఎవరైనా కుర్చీ లాగినా చూపుతోనే ఆపేవారు. ఆ రోజు మేడం తల వాల్చగానే నేను గడియారం చూసుకున్నాను. ఫ్యాను రెండుకు తగ్గించాను. 30లో అబ్బాయి పేజీలు చప్పుడుగా తిప్పుతుంటే వేలు చూపించి ఆపాను. సరిగ్గా నాలుగు ఇరవైకి వెళ్లి భుజం ముట్టాను.

ఇరవై నిమిషాలు సార్. మూడు అడుగుల దూరంలో కూర్చుని కాపలా కాశాను, ఎవరూ లేపకుండా.

మీరు ఆ నమూనా చదివి ఉంటే తొమ్మిది కొట్టేసేవాణ్నని రాశారు. తొమ్మిది లేకపోయినా నేను మేడం మాట దాటి మీకు చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. మిమ్మల్ని ఓదార్చడానికి రాయడం లేదు. నిజంగా తెలియదు.

లైబ్రరీలో మధ్యాహ్నాలు పిల్లలు బల్లల మీద తల పెట్టి పడుకుంటారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి లేపుతున్నాను. "ఏంది మేడం, జర పండుకోనియ్యరా" అని విసుక్కుంటారు. లేచి నా ముఖం చూసేదాకా అక్కడి నుంచి కదలను.

అంబిక


చిక్కడపల్లి
2025 జూన్ 25

అమ్మా అంబికా,

ఇది రిజిస్టర్ చేయడం లేదు. నడిచి వచ్చి మీ హాస్టల్ వాచ్‌మన్ పెద్దులు చేతికి ఇస్తున్నాను. పదిహేడో నిబంధన ఇంక చాలు.

నీ ఉత్తరం 31లో కూర్చుని చదివాను. అక్కడి కిటికీలోంచి మెట్ల మొదటి మలుపు కనిపిస్తుంది. మధ్యలో నాకు తెలియకుండానే తల వాల్చాను. లేచేసరికి వెలుగు మారింది. ఎంతసేపో తెలియదు. ఎవరూ లేపలేదు.

ఇరవై నిమిషాల నియమం ప్రభావతిది. తొమ్మిదో నిబంధన నాది. నువ్వు రెండూ పాటించావు. నీ పేరున ఇందులో ఏమీ లేదు. నేను క్లెయిములు తేల్చేవాణ్ని, ఇది నా చివరి నిర్ణయం.

ఆ రోజు నేను తినలేదు. పప్పు నాలుగు కూతలకు మాడింది. ఆమెకు చెప్పడం ఎందుకని తిన్నానన్నాను. ఆమెకు తెలుసని ఈ వారం దాకా నాకు తెలియదు. మీరిద్దరూ నా దగ్గర దాచినది మూడు వారాలు. నేను ఆమె దగ్గర దాచినది పదిహేను నిమిషాల పని, రెండేళ్లు.

ఒప్పందం నా కాపీ చింపలేదు. అందులో ఆమె చేతిరాత ఉంది. తొమ్మిదో నిబంధనను మాత్రం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన సంతకం, తేదీ వేశాను. నీ కాపీలో కూడా వేస్తాను. వీలున్నప్పుడు తీసుకురా. తాళాల గుత్తి నీకే ఇస్తాను. ఆదివారాలు హాల్ తెరుద్దాం. బోర్డు మీద తేదీ నువ్వే మార్చాలి. నా చెయ్యి వెళ్లడం లేదు.

కంటి ఆపరేషన్ వచ్చే వారం. ఒప్పుకోలు పత్రం ముందుగానే ఇంటికి తెచ్చుకుని చదువుతున్నాను. నాలుగు పేజీలు. రెండు రోజులు పట్టింది.

రేపు ఉదయం ఐదు నలభైకి అలారం మోగగానే లేస్తాను. పప్పు వండుకుని తింటాను. తొమ్మిదింటికి ఆ ఆసుపత్రికి వెళ్తాను. ఆ డ్యూటీ డాక్టర్ పొద్దున పూట ఉంటాడని కనుక్కున్నాను. ఆయనకు నేను గుర్తుండను. గుర్తుచేస్తాను. ఫిబ్రవరి 18న మీరు ఒక ప్రశ్న అడిగారు, నేను తప్పు చెప్పాను, కాగితం దిద్దండి అంటాను. ఇప్పుడెందుకని అడుగుతాడు. అడిగినా చెప్తాను. మూడు వారాలుగా. ఎడమ భుజం. మెట్లు ఎక్కేటప్పుడు.

కిషన్ రావు